కల్లంలో ఖాళీ షాట్

"ఏమ్మా, బాబాయ్ ఫోటో ఏమన్నా ఉందా నీ దగ్గర?"

పిన్ని ఫోన్ చేసి మొట్టమొదట అడిగిన మాట అదే. ఎందుకు పిన్నీ అన్నాను. "పెద్దకర్మకి పెట్టాలి గదమ్మా," అంది. ఆయన పోయాడని నాకు తెలిసింది అలాగ. ఎవరి విషయంలోనైనా ముందు కబురు వస్తుంది, ఆ తర్వాత ఏడుపు వస్తుంది, ఫోటో సంగతి ఎప్పటికో వస్తుంది. ఈయన విషయంలో వరస తిరగబడింది. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత దుఃఖం వచ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు. గుంటూరులో ఒక చిన్న కేబుల్ చానల్లో నేను ఎడిటింగ్ చేసే రోజుల్లో ఆయన అక్కడ కెమెరామన్. అందరూ బాబాయ్ అనేవాళ్ళు, నేనూ అన్నాను. ఆయన ఇంటావిడ నాకు పిన్ని అయింది. చానల్ మూతపడి ఎవరి దారిన వాళ్ళం పోయాక కూడా ప్రత్తిపాడు మీదుగా వెళ్తే వాళ్ళింట్లో కాఫీ తాగకుండా వచ్చేదాన్ని కాదు.

"ఇంట్లో ఒక్కటీ లేదా పిన్నీ?"

"ఉంటే నీకెందుకు చేస్తాను? ఆధార్ కార్డుది ఉంది. దాన్ని పెద్దది చేయిస్తే దొంగని పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంది. ఆ మొహానికి దండ ఎట్టా వేసేది?"

అబద్ధం కాదు. జన్మంతా ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ తీసిన మనిషికి సొంత ఫోటో లేదు. తన పెళ్ళికి కూడా ఫోటోగ్రాఫర్ తనే. కెమెరాని స్టాండ్ మీద పెట్టి, టైమర్ తిప్పి, పీటల మీదకి పరిగెత్తాడట. కడిగించి చూస్తే పిన్ని ఒక్కతే తల వంచుకుని కూర్చుని ఉంది, పక్కన ఒక భుజం, దాని మీద కండువా అంచు. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా అంతే. నలుగురం నిలబడి తీసుకుందామంటే, "మీరుండండి, నేను తీస్తా," అని ఫోన్ లాక్కునేవాడు. అందరి జ్ఞాపకాల్లోనూ ఉన్నాడు గాని ఎవరి ఫోన్లోనూ లేడు.

అయితే నా దగ్గర పాత హార్డ్ డిస్క్ ఒకటి ఉంది. దాన్లో మా సీరియల్ ఉంది. "వెతుకుతాను పిన్నీ, మొహం కనపడేది ఒక్కటైనా దొరుకుతుంది," అని మాటిచ్చేశాను. ఇచ్చాక గాని ఎంత కష్టమో తెలియలేదు.

ఆ సీరియల్ సంగతి చెప్పాలి. మా ఓనరుకి ఒకసారి సైన్సు పిచ్చి పట్టింది. ఒక శాస్త్రవేత్త మనుషుల్ని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే మిషను కనిపెడతాడు. మనిషి మిరప కల్లంలో నిలబడి మీట నొక్కితే కోల్డ్ స్టోరేజీలో తేలతాడు. అక్కడే ఎందుకు తేలాలి అంటే, మా ఓనరు బావమరిదికి కోల్డ్ స్టోరేజీ ఉంది గనక. అంతకు మించి కథకి కారణం లేదు. మిషను అంటారా, పురుగుమందు కొట్టే తైవాన్ పంపుకి వెండిరంగు వేసి వీపుకి తగిలించాం. నవ్వకండి, జనం చూశారు. ఎండాకాలంలో కోల్డ్ స్టోరేజీ తలుపు తీస్తే తెల్లటి ఆవిరి బుసబుసా బయటికొస్తుంది. ఆ ఆవిర్లోంచి మనిషి నడిచి వస్తుంటే, తీసినవాళ్ళం మాకే ఒళ్ళు జలదరించేది.

మాయం చెయ్యడం కంప్యూటర్ మహిమ అనుకుంటారు గాని అందులో ఏమీ లేదు. కెమెరాని కదలకుండా బిగించాలి. మనిషిని నిలబెట్టి తియ్యాలి. ఆ మనిషిని పక్కకి పంపేసి, అదే చోటుని ఖాళీగా తియ్యాలి. రెండూ అతికిస్తే మనిషి టప్పున పోతాడు. మధ్యలో తళతళలు కావాలంటే గాజు గ్లాసులో నీళ్ళు పోసి, ముగ్గులో కలిపే మెరుపుల పొడి వేసి, కలియబెట్టి, లైటు కొట్టి తీసేవాడు బాబాయ్. పరాయి దేశాల సీరియళ్ళు భాష తెలియకపోయినా చూసి చూసి ఇవన్నీ పట్టాడు. పత్తి చేలో ఈ పని కుదరదు. ఆకులు ఊగుతుంటే అతుకు దగ్గర చేనంతా ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. మిరప కల్లంలో కదిలేది ఏదీ ఉండదు. మిట్టమధ్యాహ్నం ఎకరాల కొద్దీ ఎర్రగా, చప్పుడు లేకుండా పరుచుకుని ఉంటుంది.

"మనిషిని తీసెయ్యడం ఎంతసేపమ్మాయ్," అనేవాడు. "ఆ చోటు చూడు. ఇందాక ఇక్కడొక మనిషి ఉన్నాడని దానికి గుర్తుండకూడదు. అదీ షాట్."

ఈ మాట ఎండలో నిలబడి, మొహం చుట్టూ తువ్వాలు బిగించుకుని, కళ్ళు మాత్రమే కనపడుతుండగా చెప్పేవాడు. మిరప ఘాటు ఆయనకి పడేది కాదు. మిరప దేశంలో పుట్టి మిరపకాయకి తుమ్మే మనిషిని నేను ఆయన్నే చూశాను.

ఆయనకొక అలవాటు ఉండేది. ఏ షాట్ అయినా సరే, నటుల్ని పంపే ముందు కెమెరా ఆన్ చేసి, "ముందు నేను వెళ్ళొస్తా," అని తను వెళ్ళేవాడు. నటుడు నిలబడాల్సిన చోట ఇటుకముక్క పెట్టి ఉంచేవాళ్ళం. ఈయన దాని మీదకి పోకుండా ఒక అడుగు పక్కన నిలబడి, కెమెరా వైపు కాసేపు చూసి, వెనక్కి వచ్చేవాడు. ఫోకస్ సరిచూడ్డానికట. ఇటుక పక్కన నిలబడితే ఫోకస్ ఏం తెలుస్తుంది? "గుర్తు మీద నిలబడు బాబాయ్," అని ఎన్నోసార్లు అరిచాను.

"అది వచ్చేవాళ్ళదమ్మాయ్," అనేవాడు.

ఆ ముక్కలన్నీ ఎడిటింగ్‌లో నేను కత్తిరించి అవతల పారేసేదాన్ని. చెత్త కదా మరి.

మా మొదటి పొరపాటు నీడతో జరిగింది. హీరోని మాయం చేశాం. ఆయన పోయాడు, ఆయన నీడ పోలేదు. ఖాళీ షాట్‌లో కింద పరిచిన పట్టా అంచు గాలికి లేచిందని, నేను పై సగమే అతికించి కింద సగం పాతదే ఉంచాను. నీడ కింద సగంలో ఉంది. ప్రసారమయ్యేదాకా ఎవరం చూసుకోలేదు. ఎర్రటి కల్లం మీద, పైన మనిషి లేకుండా, నల్లటి నీడ ఒక్కటే నిలబడి ఉంది. తెల్లారేసరికి ఫోన్లే ఫోన్లు. పిల్లలు జడుసుకున్నారని తిట్టినవాళ్ళే, మళ్ళీ ఎప్పుడు వేస్తారని అడిగారు. ఓనరు మహా ఆనందపడిపోయి, వారానికొక పొరపాటు కావాలన్నాడు. ఒకడు చెయ్యి లేకుండా తేలాలి, ఒకడు ఇద్దరై తేలాలి, ఒకామె గొంతు లేకుండా తేలాలి.

బాబాయ్ మాత్రం నా గదిలో కూర్చుని ఆ నీడ షాట్ తిప్పి తిప్పి వేయించుకున్నాడు. చివరికి అన్నాడు, "నీడ అక్కడ పడిందంటే మనిషి ఇంకా ఎక్కడో ఎండలో నిలబడి ఉన్నట్టే గదమ్మాయ్."

"చాల్లే ఊరుకో బాబాయ్," అన్నాను. 

రెండో పొరపాటు ఆయనదే. పచ్చగుడ్డ ముందు మనిషిని నిలబెట్టి తీసి, ఎడిటింగ్‌లో ఆ పచ్చరంగు చెరిపేస్తే, వెనకాల మనకి కావలసిన చోటు వచ్చి కూర్చుంటుంది. ఒకరోజు గుడ్డ తేవడం మర్చిపోయాం. ఈయన కల్లం వైపు చూసి, "ఇంత మేర ఎర్రగా పరిచి పెట్టుకుని పచ్చగుడ్డ ఎందుకమ్మాయ్? ఎరుపే చెరిపేద్దాం," అన్నాడు. నాకూ భేషుగ్గా ఉందనిపించింది. మిరపకాయల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకి తప్ప ఈ బుద్ధి ఇంకెవరికీ పుట్టదు. పక్కనే పేర్చిన మిరప బస్తాల మీదకి కెమెరాతో ఎక్కి, కిందికి చూపిస్తూ తీశాడు. కాయల మధ్యలో తెల్లచీర కట్టుకుని పైకి చూస్తూ నిలబడింది శాస్త్రవేత్త తల్లి వేషం వేసే ఆవిడ. చీరాల మనిషి, నాటకాల్లో పండిన నటి, పెద్దావిడ.

తీసింది ఎలా వచ్చిందో చూస్తానని ఆవిడ కూడా నా గదికి వచ్చింది. ఎరుపు చెరిపాను. కల్లం పోయింది, కోల్డ్ స్టోరేజీ వచ్చింది. దాంతోపాటు ఆవిడ బొట్టు కూడా పోయింది. నుదుటి మీద రూపాయంత గుండ్రటి కన్నం. ఆ కన్నంలోంచి వెనకాల కోల్డ్ స్టోరేజీలో వేలాడే బల్బు వెలుగుతూ కనపడుతోంది. పెదవులు లేవు. బుగ్గలు, అరచేతులు చెదలు తిన్నట్టు అక్కడక్కడా పోయి, వాటిలోంచి ఆవిరి కదులుతోంది. మనిషి ఒంట్లో పచ్చరంగు ఉండదు గాని ఎరుపు నిండా ఉంటుందని అప్పుడు తెలిసొచ్చింది. కళ్ళు మాత్రం చెక్కుచెదరకుండా మమ్మల్ని చూస్తున్నాయి.

ఆవిడ కేకలు వెయ్యలేదు. "నా బొట్టేదయ్యా?" అని మెల్లిగా అడిగింది, బాబాయ్‌ని.

ఓనరు వచ్చి చూసి, "అదిరింది, ఇదే వేసేద్దాం," అన్నాడు. బాబాయ్ ఏనాడూ ఓనరుకి ఎదురు చెప్పి ఎరగడు. ఆరోజు మాత్రం, "వెయ్యనివ్వనండి," అన్నాడు. ఆ గొంతు విని ఓనరే వెనక్కి తగ్గాడు.

మర్నాడు నన్ను కూడా బయల్దేరదీసి చీరాల వెళ్ళాడు. ఆవిణ్ణి వాళ్ళ గుమ్మంలో నిలబెట్టి, నిండుగా బొట్టు పెట్టించి, అరచేతులు అటూ ఇటూ తిప్పించి, నవ్వించి, మాట్లాడించి తీశాడు. ఆ షాట్ ఏ కథలోనూ లేదు. ఏం జరుగుతోందోనని ఆవిడ భర్త లోపల్నుంచి పులిహోర తింటూ వచ్చి నిలబడ్డాడు. ఇవాళ్టికీ నిక్షేపంలా ఉన్నాడాయన. బొట్టు పోయిందన్నానని మీకు ఇంకో రకం అనుమానం రాకుండా ఉండాలని చెబుతున్నాను.

"ఇదెందుకు బాబాయ్?" అన్నాను తిరిగొచ్చేటప్పుడు.

"పంపింది నేనే గదమ్మాయ్. పంపడానికి మిషనుంది. అందుకోవడానికి మనిషుండాలిగా."

ఇహ అప్పట్నుంచి అది ఆచారమైపోయింది. ఎవర్ని మాయం చేసినా, సాయంత్రం సామాను సర్దే ముందు వాళ్ళు మళ్ళీ ఇటుకముక్క దగ్గరికి వచ్చి నిలబడాలి, ఆయన తియ్యాలి. తిరుగు షాట్ అని పేరు కూడా పెట్టాడు. కథలో చచ్చిపోయినవాళ్ళకీ తప్పదు. "వెళ్ళినోళ్ళు వచ్చేదాకా ప్యాకప్ లేదు," అని కెమెరా పక్కన మొండిగా నిలబడేవాడు. విలన్ వేషం వేసే అతనిది దర్శి.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా, దర్శి బస్సు పోద్ది," అన్నాడొకసారి.

"మాయమైనోడివి మాయమైనట్టే ఉండి దర్శి ఎట్టా పోతావురా? ముందు ఇటు తేలు, తర్వాత బస్సెక్కు."

అందరం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర నేను ఉండబట్టలేక అడిగాను, ఎందుకు నీకింత పట్టింపు అని. అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు మధ్యాహ్నం పూట నాన్నతో పత్తి చేలోకి వెళ్ళాడట. నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఈయన ఎందుకో చూపు పక్కకి తిప్పాడు. మళ్ళీ చూస్తే చోటుంది, నాన్న లేడు. "చేనైనా కదల్లేదమ్మాయ్. కట్ పడినట్టు పోయాడు. ఆ చోట ఎప్పుడూ ఎవరూ లేనట్టే ఉంది." నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకి అదే కథ మేకప్ అతనికి చెబుతుంటే విన్నాను. అందులో పోయింది మేనమామ, దర్శి బస్టాండులో. ఇంకోసారి డ్రైవరుకి చెప్పినప్పుడు పోయింది స్నేహితుడు, సినిమాహాలు వరండాలో. మనుషులు మారారు, చోట్లు మారాయి. చూపు తిప్పడం మాత్రం మారలేదు. కోతలు కోస్తున్నాడని కాస్త తేలిగ్గా తీసుకున్నాను.

పిన్ని ఫోన్ వచ్చాక హార్డ్ డిస్క్, లాప్‌టాప్ సంచిలో వేసుకుని ప్రత్తిపాడు వెళ్ళాను. ఇద్దరం కూర్చుని వెతకడం మొదలుపెట్టాం. నేను చెత్త అనుకుని కత్తిరించిన ముక్కలన్నీ అసలు ఫైళ్ళలో ఉన్నాయి. ప్రతి షాట్ మొదట్లోనూ ఆయన ఉన్నాడు. వస్తాడు, ఇటుక పక్కన నిలబడతాడు, వెళ్తాడు. వస్తాడు, నిలబడతాడు, వెళ్తాడు. కల్లంలో తీసినవన్నిట్లోనూ మొహానికి తువ్వాలు. కోల్డ్ స్టోరేజీలో తువ్వాలు తీసేశాడు గాని అక్కడ ఆవిరి. ఆవిర్లో ఒక చెవి, ఒక చెంప, అంతే. కెమెరాలో సొంత గొంతు పడటం ఆయనకి నచ్చదు. అందుకని మైకు తీసేసి తీసేవాడు, ఏ ముక్కలోనూ మాట లేదు. పిన్ని తెర మీదకి వంగి, ఆ కళ్ళని చూసి, "ఈయనే," అనేది ప్రతిసారీ, నేనేదో అనుమానపడినట్టు.

మధ్యలో కాఫీ ఇచ్చింది. ఇస్తూ, నేను అడక్కుండానే చెప్పింది.

"నాకు ఫోటో బాధ కూడా కాదమ్మా. ఆసుపత్రికి తీసకపోయేటప్పుడు కారులో కూర్చుని 'వెళ్తున్నా' అన్నాడు. కూరగాయలకి పోయినా 'వెళ్ళొస్తా' అనే మనిషి. ఆరోజు వస్తానన్న మాట అనలా. అను, అను అని కారు వెంట నాలుగడుగులు పోయా కూడా. అద్దం ఎత్తేశారు. అదొక్కటి గొంతులో అడ్డం పడి ఉంది."

మాట మార్చడానికి, వాళ్ళ మామగారు చేలో, మేనమామ దర్శి బస్టాండులో మాయమైన కథలు నిజమేనా అని అడిగాను.

పిన్ని వింతగా చూసింది. "మా మామయ్య ఈ వసారాలోనే మంచం మీద పోయాడు. నేనే తులసినీళ్ళు పోశా. మేనమామా అంతే, ఊరంతా చూస్తుండగా సాగనంపాం."

"మరి పోయిందెవరు పిన్నీ?"

"అదే నేనూ అడిగేదాన్ని. నిద్రలో లేచి కూర్చుని, 'ఇప్పుడే ఇక్కడున్నాడు,' అనేవాడు. ఎవరయ్యా అంటే చెప్పేవాడు కాదు. ఆయనకే తెలీదేమోనమ్మా."

బయట ఎండ తెల్లగా కాస్తోంది. లాప్‌టాప్‌లో ఆయన ఇటుకకి ఒక అడుగు పక్కన నిలబడి ఉన్నాడు. ఆ ఖాళీగా వదిలేసిన చోటు వైపు చూడ్డానికి నాకు మనసొప్పలేదు. కాఫీ చల్లారిపోయింది.

దొరికింది కెమెరా ఆఖరి మెమరీ కార్డు నుంచి ఎక్కించిన ఫైల్లో. సీరియల్ ఆపేసిన రోజు అది. అందరి తిరుగు షాట్లూ అయ్యాయి, అందరూ బస్సులెక్కారు. ఆ కార్డు తర్వాత నాకిచ్చి ఉంచమన్నాడు. డిస్క్‌లోకి ఎక్కించాను గాని, చూడాల్సిన పని పడలేదు. పంట ఎత్తేశారు. కాయలన్నీ బస్తాల్లోకి పోయి కల్లం ఉత్త నేలగా ఉంది, మూలల్లో అక్కడక్కడా రాలిన తాలుకాయలు. కాయ లేదు గనక ఘాటు లేదు, ఘాటు లేదు గనక తువ్వాలు లేదు. ఎందుకో ఆరోజు మైకు కూడా తియ్యలేదు.

ముందు ఖాళీ కల్లం. కెమెరా వెనకనుంచి ఆయన గొంతు, ఎవరూ లేని చోట ఎవరికో చెబుతున్నట్టు: "ముందు నేను వెళ్ళొస్తా."

పిన్ని చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.

నడిచి వెళ్ళాడు. ఇటుక దగ్గర ఆగాడు. ఆ ఒక్కసారే పక్కన నిలబడలేదు, దాని మీదే నిలబడ్డాడు. కెమెరా వైపు తిరిగాడు. చెంపలు, మీసం, గడ్డం మీది పాత గాటు, మొహమంతా ఎండలో నిండుగా ఉంది. అలా చూస్తూ నిలబడ్డాడు, పిలుస్తారేమో అన్నట్టు. అక్కడితో ఫైలు అయిపోయింది. కార్డు నిండిపోయి ఉంటుంది. కెమెరా ఆగిపోయిందని తెలియక ఆ ఎండలో ఇంకా ఎంతసేపు నిలబడ్డాడో మరి. వెనక్కి వచ్చిన షాట్ మాత్రం ఎక్కడా లేదు, డిస్క్ అంతా గాలించాను.

ఫోటో కుదిరింది. పెద్దకర్మ రోజుకి ఫ్రేము కట్టించి దండ వేశారు. వచ్చినవాళ్ళందరూ, "అచ్చం మనిషే," అన్నారు. నేను పెన్‌డ్రైవ్‌లో ఆ ముక్క వేసి పట్టుకెళ్ళాను. భోజనాలయ్యాక పిన్ని ఒక్కసారి చూస్తానంటే హాల్లో టీవీకి పెట్టాను. ఆ టీవీ ఒకటే ఫైలు ఉంటే దాన్నే తిప్పి తిప్పి వేస్తుంది. ఆయన నిలబడి చూస్తున్నాడు. ఫైలు అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది. టప్పున ఆయన లేడు. ఖాళీ కల్లం ఉంది. కెమెరా ఆయన బిగించింది, వెంట్రుకవాసి కదల్లేదు. మేము సీరియల్లో ఎన్ని అతికించినా ఇంత శుభ్రంగా ఎవరూ పోలేదు. ఆ చోటుకి ఆయన గుర్తున్నట్టే లేదు.

ఎవరో ముసలాయన కుర్చీలోంచి సగం లేచాడు. నేను రిమోట్ కోసం వెతుకుతున్నాను.

"ముందు నేను వెళ్ళొస్తా," అంది టీవీ.

పిన్ని నా చేతిలోంచి రిమోట్ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆపమాకమ్మా," అంది. "వస్తానంటున్నాడుగా."